జెట్‌కు అడ్డంగా చీలిక

ఖగోళ భౌతికశాస్త్రంలోకి వచ్చే పిల్లలు ఎక్కువమంది ఆకాశం మీద ప్రేమతో వస్తారు. మంచిదే. ఆకాశం ఎవరినీ విసిగించదు. విసిగించేవాళ్లంతా నేల మీదే ఉంటారు, అందులోనూ ఎక్కువమంది పక్క గదిలోనే ఉంటారు. వరంగల్‌లో ఒక విశ్వవిద్యాలయంలో ఆ పాఠం చెప్పి, పరిశోధన చేసి, చేయించి, రిటైరయ్యాను. నాకు ఏ పదవి ఎప్పుడు వచ్చిందో, ఏది ఎందుకు రాలేదో ఇక్కడ రాయను. ఒక్క ప్రశ్న చుట్టూ మా డిపార్ట్‌మెంటులో నడిచిన తగాదా రాస్తాను. ఈ ఉద్యోగం నిజంగా ఎలా ఉంటుందో అందులోనే తెలుస్తుంది.

ప్రశ్న ఇది: కొత్తగా పుడుతున్న నక్షత్రాల నుంచి చిమ్మే జెట్లలో వాయువును అయనీకరించేది ఏది?

మూడు జవాబులు

నక్షత్రం పుట్టేటప్పుడు చుట్టూ ఉన్న వాయువు, ధూళి ఒక పళ్లెంలా తిరుగుతూ దాని మీద పడుతుంటాయి. పడేదంతా లోపలికి పోదు. కొంత భాగం పళ్లేనికి పైకీ కిందికీ రెండు సన్నని ధారలుగా, విపరీతమైన వేగంతో బయటికి చిమ్ముతుంది. వాటినే జెట్లంటాం. ఆ ధారలోని పరమాణువుల్లో కొన్ని తమ ఎలక్ట్రాన్లను పోగొట్టుకుని ఉంటాయి. అదే అయనీకరణం. ఏ చోట ఎంత జరిగిందో నైట్రోజన్, ఆక్సిజన్, సల్ఫర్ వెలువరించే కాంతిని ఒకదానితో ఒకటి పోల్చి తెలుసుకోవచ్చు.

పేచీ ఏమిటంటే, పుడుతున్న చిన్న నక్షత్రం చల్లనిది. ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టగల పదునైన కాంతి దాని దగ్గర చాలినంత ఉండదు. మరి ఊడగొట్టింది ఎవరు?

మొదటి జవాబు: ధార ఎప్పుడూ ఒకే వేగంతో రాదు. వెనక నుంచి వడిగా వచ్చే వాయువు ముందు నిదానంగా పోతున్న వాయువును గుద్దుతుంది. ఆ గుద్దుడును షాక్ అంటాం. అక్కడ వాయువు వేడెక్కి ఎలక్ట్రాన్లు ఊడతాయి.

రెండో జవాబు: పనంతా మొదట్లోనే, నక్షత్రం పక్కనే అయిపోతుంది. అక్కడి ఎక్స్‌రే కిరణాలో, అయస్కాంత క్షేత్రాల అలజడో దానికి కారణం. తర్వాత ధార పలచబడుతుంది కాబట్టి ఊడిన ఎలక్ట్రాన్‌కు మళ్లీ జత దొరకదు. సంత రోజు మా తొర్రూరులో భుజం తగలకుండా నడవలేం. సంత ఎత్తేశాక అదే మైదానంలో మనిషికి మనిషి ఎదురుపడడు. అలా మొదట్లో జరిగిన అయనీకరణమే చాలా దూరం దాకా మిగిలి ఉంటుంది.

మూడో జవాబు: పక్కన ఒక పెద్ద వేడి నక్షత్రం ఉంటే దాని అతినీలలోహిత కాంతి బయటి నుంచి పడి ఆ పని చేస్తుంది.

మూడూ జరిగేవే. ఇంత చిన్న మాట ఒప్పుకోవడానికి చదువుకున్న మనుషులు ఎంతకాలం తీసుకుంటారో చూసి నాకు విసుగు పుట్టింది. ఆ చదువుకున్న మనుషుల్లో నేనూ ఒకణ్ని కాబట్టి ఆ విసుగు ఇంకా తగ్గలేదు.

షేర్వానీ

మా తాత వర్ధన్నపేట దగ్గర జాగీర్దారు. జాగీర్లు రద్దయ్యాక దేవిడీ, అంటే మా పెద్ద భవంతి, పోయింది, భూములు పోయాయి. బంధువులు అంతకంటే ముందే పోయారు. మా నాన్న తొర్రూరులో ఒక జిన్నింగ్ మిల్లులో గుమాస్తాగా చేరారు. నల్ల షేర్వానీకి గొంతు దాకా బొత్తాలు పెట్టుకుని వెళ్లేవారు. సాయంత్రానికి దాని నిండా పత్తి నూగు. గడప బయట నిలబడి ఒక్కొక్క పోగూ దులుపుకుని గానీ లోపలికి వచ్చేవారు కాదు. మిల్లు యజమాని కుర్చీ చూపిస్తే కూర్చునేవారు. చూపించకపోతే నిలబడే పని చేసేవారు. ఎవరినీ ఎన్నడూ ఏదీ అడగలేదు. ఆయన నుంచి నాకు వచ్చిన ఆస్తి అదే.

అందుకే డిపార్ట్‌మెంటులో నా వెనక "నవాబ్ సాబ్ సవారీ వస్తాంది, జరుగుండ్రి" అనేవారు. నాకు వినబడేటట్టే అనేవారు. అననివ్వండి. మే నెలలో కోటు వేసుకునేవాణ్ని ఎవరైనా ఏదో ఒకటి అంటారు.

పై మూడు జవాబుల్లో నాది రెండోది. మొదట్లో జరిగినదే చివరిదాకా మిగులుతుందని నా నమ్మకం. దానికి లెక్కలు ఉన్నాయి, చూపించగలను.

షాకుల సారు

మా హెడ్డు నరహరి రావు గారిది మొదటి జవాబు. పిల్లలు ఆయనను షాకుల సారు అనేవారు. ఆయన తక్కువ మనిషి కాదు. జెట్లలో అక్కడక్కడా ముడుల్లా మెరిసే చోట్లుంటాయి. వాయువు వాయువును గుద్దుకున్న చోట్లు అవేనని ఆయన చూపించిన తీరు చదివి నేనూ నేర్చుకున్నాను. కానీ ఒకచోట నిజమైనదాన్ని ఆయన అన్నిచోట్లా నిజం చేశారు. ముడి కనబడితే షాక్. ముడి కనబడకపోతే "కనబడని షాక్".

ఒకసారి సెమినార్‌లో అడిగాను. "కనబడని షాక్‌కూ, లేని షాక్‌కూ తేడా ఏమిటండీ?"

"మీ తాతగారి జాగీరు కూడా ఇప్పుడు కనబడదు కదా సార్. లేదంటారా?" అన్నారాయన.

హాలంతా నవ్వింది. మాట బాగానే పడింది. నేను కోటు బొత్తాలు సరిచేసుకుని నా తర్వాతి ప్రశ్న అడిగాను.

కొత్తవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. తెలివితక్కువ బాసుతో పెద్ద ప్రమాదం లేదు. ఒక్కసారి చాలా గొప్పగా నిజం కనుక్కున్న బాసుతోనే ప్రమాదం. ఆయన ఆ తర్వాత వెతకడం మానేస్తాడు.

కిటికీ దిక్కు అంచు

రజితది వరంగల్‌లోని కాశిబుగ్గ. తండ్రి జంపఖానాలు నేస్తాడు. ఆమెకు నరహరి రావు గారు గైడు, నేను కో-గైడును. పుడుతున్న ఒక నక్షత్రం, దాని జెట్టు, వాటికి కొంత దూరంలో ఒక పెద్ద వేడి నక్షత్రం, ఇదీ ఆమె థీసిస్ విషయం.

ఇక్కడ మా పనిలోని ఒక అలవాటు చెప్పాలి. వర్ణపటం తీసే పరికరం ముందు సన్నని చీలిక ఉంటుంది. ఆ చీలికలో పడిన కాంతినే పరికరం విడదీసి చూపిస్తుంది. టెలిస్కోపు దొరకడమే కష్టం కాబట్టి, దొరికిన కాస్త సేపట్లో చీలికను జెట్టు వెంట పొడుగ్గా పెడతాం. మొదటి నుంచి చివర దాకా ఒకేసారి వచ్చేస్తుంది. హెడ్డు గారి గురువు పొడుగ్గా పెట్టారు. హెడ్డు గారు పొడుగ్గా పెట్టారు. నేనూ అంతే. రజిత చేతికి వచ్చిన సమాచారమంతా అలా తీసిందే.

అందులో మూడు సంగతులు కనబడ్డాయి. నక్షత్రం పక్కన అయనీకరణం ఎక్కువ, దూరం పోయేకొద్దీ మెల్లగా తగ్గుతోంది. ముడుల దగ్గర మళ్లీ పెరుగుతోంది. చివరి భాగంలో మాత్రం ముడులేమీ లేవు, అయినా అది తగ్గడం లేదు.

ఆ చివరి భాగం మీద సెమినార్ హాల్లో మేం ముగ్గురం కూర్చున్నాం.

"కనబడని షాకులు" అన్నారు హెడ్డు గారు.

"పలచని వాయువు. పాత అయనీకరణమే మిగిలింది" అన్నాను నేను.

"పక్కన అంత పెద్ద నక్షత్రం భగభగ మండుతాంది. మీ ఇద్దరికీ అది కనవడ్తలేదా సార్?" అంది రజిత.

"అది చాలా దూరం, రజితా" అన్నాను.

"మీకు ఎప్పుడూ మొదలు మీదనే నమ్మకం సార్. తాతలు జేసిందే తరతరాలు నడుస్తదంటరు."

హెడ్డు గారు గట్టిగా నవ్వారు.

ఆమె ఆయన వైపు తిరిగింది. "మీకేమో ఎక్కడ జూసినా ఎవలో ఒకలు గుద్దుకోవాలె సార్."

ఆయన నవ్వు ఆగింది. అప్పుడు ఆమె లేచి, హాల్లో పరిచి ఉన్న జంపఖానా దగ్గరికి పోయింది. "ఇది మా కాశిబుగ్గదే సార్. కిటికీ దిక్కు అంచు ఎట్ల వెలిసిందో చూడుండ్రి. ఒక్క పోగు వట్టుకుని ఇక్కడికెళ్లి అక్కడిదాక పొడుగ్గ జూస్తే ఎండ ఏ దిక్కుకెళ్లి వడ్డదో ఎరుకైతదా? అడ్డం జూడాలె. చీలిక కూడ అడ్డం పెడ్దాం. పెద్ద నక్షత్రం దిక్కు అంచుల అయనీకరణ ఎక్కువుంటే అది బయటి వెలుగుతోని అయినట్టు. రెండంచులు ఒక్కతీర్గ ఉంటే మీ ఇద్దరిల ఎవలో ఒకలు గెలిచినట్టు."

నేను ఆ జంపఖానా మీద ఎన్నో ఏళ్లు నడిచాను. అంచు వెలిసిందని అప్పుడే చూశాను.

సంతకం

కష్టం ఎక్కడ వచ్చిందంటే, ఆ జెట్టు చలికాలపు ఆకాశంలోనే కనబడుతుంది. రజిత థీసిస్‌కు ఇచ్చిన చివరి గడువు రాబోయే వేసవిలో అయిపోతుంది. ఈ చలికాలం తప్పితే ఆమె రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఇన్నేళ్ల పని గాలికి పోతుంది.

గడువులోపల ముగించడానికి సులువైన దారి ఒకటుంది. హెడ్డు గారే చెప్పారు. "చివరి భాగానికి కనబడని షాకులు అని ఒక్క పేరా రాసెయ్యమ్మా. డిగ్రీ వచ్చేస్తుంది."

"నేను నమ్మంది ఎట్ల రాయాలె సార్?"

"అందరూ నమ్మే రాస్తున్నారా?" అన్నారాయన. నిజాయితీగానే అన్నారు. దానికే నాకు ఒళ్లు మండింది.

చీలిక అడ్డంగా పెట్టి చూస్తామని టెలిస్కోపు కమిటీకి ప్రపోజల్ పంపాలి. మా డిపార్ట్‌మెంటులో హెడ్డు సంతకం లేకుండా ప్రపోజల్ గేటు దాటదు. ఆయన పెట్టనన్నారు. "అడ్డంగా పెడితే జెట్టులో చిన్న ముక్క వస్తుంది. దొరికిన సమయమంతా ఆ ముక్కకు తగలేస్తానంటే కమిటీ నన్ను చూసి నవ్వుతుంది. నా పేరు మీద అది పోదు సార్."

స్టాఫ్ రూంలో సగంమంది రజితకు సలహాలిచ్చారు. ముందు డిగ్రీ తెచ్చుకో, నిజం తర్వాత చూసుకుందువు గాని అన్నారు. ఇంతకంటే చెడ్డ సలహా ఈ వృత్తిలో లేదు. తర్వాత చూసుకున్న వాణ్ని నేను ఒక్కణ్నీ చూడలేదు.

ఆమె మాత్రం నా గదికి వచ్చి నిలబడింది. "సార్, నేను రాయ. రద్దయితే కానీ. ఇంట్ల మగ్గం ఉండనే ఉన్నది."

వెటకారంగా అనబోయింది. మగ్గం అనేసరికి కిటికీ వైపు తిరిగింది.

వర్ధన్నపేటలో చాయ్

టెలిస్కోపు కమిటీ ఛైర్మన్ పేరు యాదగిరి. పేరున్న శాస్త్రవేత్త. వేరే నగరంలో ఉంటారు. పుట్టింది వర్ధన్నపేటలో. ఆయన తండ్రి మా తాత దేవిడీలో ఎడ్లబండి తోలేవాడు. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు. కలిసిన ప్రతి సమావేశంలోనూ మేం దాని పక్కనుంచి తప్పుకుని నడిచేవాళ్లం. ఛైర్మన్ తన విచక్షణ మీద కొంత సమయం ఇవ్వగలడని అందరూ అనుకునేవారు. ఆయన అన్నగారింటికి వచ్చారని తెలిసి, వర్ధన్నపేట మీదుగా పోయే ఖమ్మం బస్సెక్కాను. దారి పొడవునా రోడ్డు అంచున వడ్లు ఆరబోసి ఉన్నాయి. మా నాన్న ఎన్నడూ చేయని పని చేయబోతున్నానని నాకు బాగా తెలుసు.

రేకుల పందిరి కింద యాదగిరి గారు అన్నగారితో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి కుర్చీ జరిపారు. "కూసోండ్రి సాబ్."

కూర్చున్నాను. "యాదగిరి గారూ, ఒకటి అడగడానికి వచ్చాను."

మా ఇంట్లో ఆయన తండ్రి పేరు చివర గారు అనగా నేను ఎప్పుడూ వినలేదు. అన్నగారు మల్లయ్య అది పట్టుకున్నారు. "ఓరి! నవాబ్ సాబ్ మనింటికొచ్చి అడుగుతాండురా తమ్మీ. నాయిన ఇది చూసేదాక ఉండకపాయె!"

"నువ్వు జర ఊకో అన్నా" అన్నారు యాదగిరి గారు.

జెట్టు సంగతి, చివరి భాగం, అడ్డం చీలిక అంతా చెప్పాను. కళ్లు మూసుకుని విన్నారు. "అంచుల వేగం కూడ చూస్తదా మీ అమ్మాయి? పక్కనుండి వచ్చిన గాలి గుద్దినా ఒక్క అంచే మెరుస్తది సాబ్."

"చూస్తుంది. ప్రపోజల్‌లో రాసింది."

"మంచిగ ఆలోచించింది." కళ్లు తెరిచారు. "కాని మీరు అడిగితే ఇయ్య."

నేను లేవబోయాను.

"కోపం జెయ్యకుండ్రి సాబ్. అడిగితే ఇచ్చుడు దొరల పని. మా నాయిన మీ దేవిడీల బండి తోలినన్ని దినాలు అదే చూసిండు. అడిగినోనికి ఉన్నది, అడగనోనికి లేదు. నేను ఆ కుర్చీల కూసున్నదే అది బంద్ వెట్టనీకె. అమ్మాయిని ప్రపోజల్ పంపుమనుండ్రి. మంచిగుంటే కమిటీ ఇస్తది. ఇంకో మాట. మీరు ఇంటిదాక వచ్చిండ్రు గావట్టి, ఆమె ప్రపోజల్ వచ్చినప్పుడు నేను బయటికి పోయి కూసుంట."

అంటే మంచిగ ఆలోచించిందన్న ఒక్క మనిషిని కూడా నా రాకతో ఆమెకు దూరం చేశాను.

"మా హెడ్డు సంతకం పెట్టడం లేదు. ప్రపోజల్ ఎలా పంపుతుంది?" అన్నాను.

ఆయన ముందుకు వంగారు. "హెడ్డు సంతకం ఎవలడిగిండ్రు?"

"మా దగ్గర..."

"మీ దగ్గర సంగతి నాకు తెల్వది. మా రూల్స్‌ల గైడుల్లో ఒక్కరి సంతకం ఉంటే చాలు. మీరు కో-గైడే గద సాబ్?"

మల్లయ్య గారు పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎన్ని ఏళ్ల నుంచి ఎంతమంది పిల్లలు ఆ సంతకం కోసం హెడ్డు గది బయట నిలబడ్డారో గుర్తొచ్చింది. ఒక్కరూ కమిటీ రూల్స్ తెరిచి చూడలేదు. పెద్దవాళ్లు అడిగేవారు, చిన్నవాళ్లు తెచ్చేవారు. మా నాన్న కొనఊపిరితో ఉన్నప్పుడు కూడా సాయం అడగడానికి వంచని నా మెడను ఒక సంతకం కోసం వంచాను. ఆ సంతకం నాదే.

లేచి బయల్దేరుతుంటే యాదగిరి గారు చేయి అడ్డం పెట్టారు. "చాయ్ తాగి పోండ్రి సాబ్. చాయ్‌కి ప్రపోజల్ అక్కర్లే."

తాగాను.

ఏం తేలింది

ప్రపోజల్ మీద నా సంతకం చూసి హెడ్డు గారు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. కమిటీ సమయం ఇచ్చింది. ఛైర్మన్ బయట కూర్చున్నారని తర్వాత విన్నాను. పరిశీలన జరిగిన రాత్రి నేను శుభ్రంగా నిద్రపోయాను. యంత్రాలు చేసే పనికి మేలుకుని కూర్చునే వయసు కాదు.

సమాచారం వచ్చి, ఆమె దాన్ని శుద్ధి చేసి, లాప్‌టాప్ పట్టుకుని ఒక ఉదయం నా గదికి వచ్చింది. తెర నా వైపు తిప్పింది. జెట్టు చివరి భాగంలో, పెద్ద నక్షత్రం వైపున్న అంచులో అయనీకరణం స్పష్టంగా ఎక్కువ. అవతలి అంచులో తక్కువ. రెండంచుల వేగంలో తేడా లేదు. అంటే పక్కనుంచి ఏదీ గుద్దలేదు. వెలుగే పడింది.

"చివర్ల మీరిద్దరు ఓడిపోయిండ్రు సార్."

"మొదట్లో?"

"మొదట్ల మీరే సార్. ముడుల కాడ హెడ్డు సార్. అది నేను తియ్యలే. ఎవలది వాళ్ల చోట్ల రాసిన."

నేను మొత్తం జెట్టు నాదనుకున్నాను. మొదట్లో కొంత మిగిలింది. మా తాత భూముల్లో అంత కూడా మిగలలేదు.

వైవా

హెడ్డు గారు థీసిస్‌ను పరీక్షకులకు పంపడానికి మాత్రం ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం వేరు, నమ్మడం వేరు అని అందరికీ చెప్పి మరీ ఒప్పుకున్నారు. వైవా అదే సెమినార్ హాల్లో, అదే జంపఖానా మీద జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు అడిగిన వాటికన్నిటికీ రజిత జవాబులు చెప్పింది. చివర్లో హెడ్డు గారు కుర్చీలో ముందుకు జరిగారు. వైవా నివేదిక మీద నేను అప్పటికే సంతకం పెట్టాను, కానీ గైడు సంతకం కూడా లేనిదే డిగ్రీ రాదు. ఇది అలవాటు కాదు, నిజంగానే రూలు. ఈసారి నేను చదివాను.

"ఇంత లావు థీసిస్ రాశావు. ఒక్క మాటలో చెప్పు. జెట్టును అయనీకరించేది ఏది?"

"ఎక్కడ సార్?"

"ఎక్కడేమిటి? జెట్టులో."

"జెట్టుల ఎక్కడ సార్? చోటు చెప్పుండ్రి. ఏదో నేను చెప్త."

నరహరి రావు గారు ఆమెను చూశారు, నన్ను చూశారు. ఈ ప్రశ్నను ఆయన జీవితమంతా ఒకే తీరుగా అడిగారు. నేనూ అంతే. దానికి ఒకే జవాబుందని ఇద్దరం పోట్లాడుకున్నాం.

"నక్షత్రం పక్కన?" అన్నారు చివరికి.

"అక్కడ జరిగిందే కొంత దూరం మిగులుతది. సార్ చెప్పిందే" అని నన్ను చూపించింది.

"ముడుల దగ్గర?"

"షాకులు. మీరు చెప్పిందే సార్."

"చివర్లో?"

ఆమె జంపఖానా అంచును, ఆ పక్కన కిటికీని చూపించింది.

హెడ్డు గారు ఆ అంచు వైపు చాలాసేపు చూశారు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి మూత విప్పారు.

"సంతకం ఎక్కడ పెట్టాలమ్మా?"

నేను కోటు బొత్తాలు పెట్టుకుని లేచి, కాగితం మీద చోటు చూపించాను. నా సంతకం కింద.